గున్వోర్ వెయ్యని కేక

మోన్స్ బ్రెక్కె కుడిచేతి చూపుడువేలు పేపర్లో పడింది. మోన్స్ పడలేదు, వేలే పడింది. మొహాన్ని సగం చెవితో సహా కత్తిరించేసి ఓ మూలకి తోసేశారు గానీ, వేలు మాత్రం అరపేజీ. కింద "థర్మామీటరు ఎరగని వేలు: అయిదు తరాల బీరు విద్య" అని రాశారు. మోన్స్ ఆ కాగితానికి అద్దం కట్టించి, వంటింట్లో గడియారం పక్కన మేకు కొట్టి తగిలించుకున్నాడు. మేకు కొట్టేటప్పుడు సుత్తి సరిగ్గా ఆ వేలుమీదే పడి పదిరోజులు కట్టుతో తిరిగాడన్న సంగతి పేపరువాళ్లకి ఎవరూ చెప్పలేదు.

ఆ అద్దం తుడిచేది ఆయన పెళ్లాం గున్వోర్. డెబ్బై ఏళ్ల మనిషి. మాట తక్కువ, పని ఎక్కువ. వారానికోసారి గుడ్డతో తుడుస్తూ ఆ వేలుకేసి చూసి, "నీ తిప్పలు నాకు తెలుసులేవే" అనుకునేది. ఎందుకంటే నలభై అయిదేళ్లుగా ఆమె ఆప్రాన్ జేబులో ఓ థర్మామీటరు ఉంది. బీరు కాచిన ప్రతిసారీ ఆయన అటు తిరగ్గానే ఆమె తొట్టిలో థర్మామీటరు ముంచేది. పాదరసం ముప్ఫై ఎనిమిది డిగ్రీలకి దిగాక, గుడ్డతో తుడిచి జేబులో వేసుకుని, "ఇదిగో, ఓసారి వేలు పెట్టి చూడు" అనేది. ఆయన చొక్కాచెయ్యి మడిచి, కళ్లు మూసుకుని, వేలు ముంచి, "సరిగ్గా ఉంది!" అనేవాడు. ఎందుకుండదు మరి!

వాళ్ల ఇంటి ముందున్న సరస్సు చుట్టూ పదకొండు కమతాలున్నాయి. క్రిస్మస్‌కి ముందు సొంతంగా బీరు కాచుకోని ఇల్లు ఒక్కటీ లేదు. పాలకి తోడు కావాల్సినట్టే బీరుకీ తోడు కావాలి. కొట్లో దొరికే ఈస్టు పొట్లం వాళ్ల లెక్కలో బన్నులకే. బీరుకి ఇంటి తోడు ఉండాల్సిందే. పోయినసారి బీరుమీద తేలిన నురగని గుడ్డమీద ఆరబెట్టి, పెళుసు పెంకులయ్యాక సీసాలో దాచుకుంటారు. దాన్నే మళ్లీ కాస్త మాల్టు పానకంలో, అంటే మొలకెత్తిన బార్లీ రసంలో, నానబెట్టి లేపుతారు. ఎవరింట్లోనైనా తోడు చచ్చిపోతే పక్క కమతంలో అరువడగడం తప్పేం కాదు. ఒకటే కట్టుబాటు. తోడు పోసే మనిషి గుండెలు పగిలేలా కేక వెయ్యాలి. సొంత తోడైతే సొంత కమతం పేరు, అరువు తోడైతే ఇచ్చినవాళ్ల కమతం పేరు. అవతలివాళ్లకి వినబడితే "పొంగనీ!" అని బదులు కేకేస్తారు. కేక వెయ్యకపోతే? బీరు పొంగకపోదు గానీ, తాగినవాళ్ల నోట నిజం రాదని పెద్దలు చెప్పేవారు.

మోన్స్ ఇంటి బీరు తాగినవాళ్లని చూస్తే ఆ మాట నిజమేననిపిస్తుంది. ఆ బీరు రెండు గిన్నెలు పడ్డాక, జన్మలో గాలం ముట్టనివాడు కూడా పన్నెండు కిలోల చేప పట్టానని చెప్పేవాడు.

సంగతి ఇదీ. గున్వోర్ పెళ్లయి మూడేళ్లకి, అత్త పోతూ పోతూ కోడలి చెయ్యి పట్టుకుని, "ఆవులు పోతే పోయాయి, తోడు మాత్రం పోనివ్వకే తల్లీ" అంది. ఆ శీతాకాలమే మోన్స్ మొదటిసారి సొంతంగా బీరు కాచాడు. పొద్దుటినుంచీ మంచులో, నీళ్లకి ఘాటు పట్టించే జూనిపర్ పొద కొమ్మలు కొట్టి, గడ్డకట్టిన సరస్సులో గొయ్యి తవ్వి నీళ్లు మోశాడు. చేతులు కొయ్యబారిపోయాయి. ఆ కొయ్యవేలు తొట్టిలో ముంచి, "గోరువెచ్చగా ఉంది, పోసెయ్" అన్నాడు. తొట్టిలోంచి పొగలు ఎగుస్తున్నాయి. ఆమెకి కనబడుతూనే ఉంది. కానీ పాతికేళ్ల కోడలుపిల్ల, మగాడి వేలుని కాదంటుందా? సీసాడు తోడూ పోసేసింది. "బ్రెక్కే!" అని ఆయన తమ కమతం పేరు కేకేసి, పాత పీపాలో మిగిలిన బీరంతా తాగి పడుకున్నాడు.

తెల్లారేసరికి తొట్టి నూతినీళ్లలా కదలకుండా ఉంది. అయిదు తరాల తోడు ఉడికి చచ్చింది. మోన్స్ గురకపెడుతున్నాడు. గున్వోర్ మంచుమీద కాలితో తన్నుకుంటూ నడిపే బండెక్కి, ఏడ్చుకుంటూ సరస్సు దాటి అవతలి ఒడ్డున లీయా కమతానికి పోయింది. అక్కడ బ్రీటా ఉంటుంది. గున్వోర్ కన్నా రెండేళ్లు పెద్ద. అప్పటికి వాళ్లిద్దరూ చర్చిలో తలలూపుకోవడం తప్ప మాట్లాడుకున్నది లేదు.

బ్రీటా కథంతా విని, ముందు పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత తన సీసాలోంచి సగం తోడు తీసి గుడ్డలో మూటకట్టింది. "తీసుకుపోవే. ఏడుపు మొహంతో మాత్రం పొయ్యకు, పులిసిపోద్ది."

"అక్కా, కేక వెయ్యలేను. ఆయన లేస్తాడు."

"సరే, ఇవాళ వద్దులే. కానీ కేక ఒకటి నాకు బాకీ. గుర్తుంచుకో."

గున్వోర్ నోరు మూసుకుని తోడు పోసింది. మధ్యాహ్నానికి తొట్టి బుసబుసా పొంగింది. మోన్స్ లేచొచ్చి చూసి మీసం మెలేశాడు. "చూశావా మా తాత తోడు! కాస్త ఆలస్యంగా లేచినా ఎలా లేచిందో!" అప్పుడే చెప్పేసి ఉంటే పోయేది. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఉండగానే జిల్లా పోటీల్లో మోన్స్‌కి పతకం వచ్చింది. ఆ పైన పేపరు, ఆ పైన వేలు. గున్వోర్‌కి ఆ నిజం గొంతులో వెలక్కాయ అయి కూర్చుంది. ఆమె, బ్రీటా మాత్రం ప్రాణస్నేహితులయ్యారు. రోజూ పొద్దున్నే వంటింటి కిటికీలో దీపం పెట్టి రెండుసార్లు ఆర్పి వెలిగించుకోవడం వాళ్ల పలకరింపు. నలభై అయిదేళ్లలో బ్రీటా ఆ ఊసు ఎక్కడా ఎత్తలేదు. ప్రతి క్రిస్మస్‌కీ ఒక్కసారి మాత్రం, "గొంతెలా ఉందే?" అని అడిగేది. "జలుబు చేసిందక్కా" అనేది గున్వోర్.

ఈ ఏడాది దాకా అలాగే గడిచిపోయింది.

కిందటి వసంతంలో పాత బీర్ల సంరక్షణ సంఘం అని ఒకటి ఊరూరా తిరిగి తోడు నమూనాలు పట్టుకెళ్లింది. సెప్టెంబరులో ఉత్తరం వచ్చింది. బ్రెక్కె తోడు, లీయా తోడు రెండూ ఒక్కటే, వెంట్రుకవాసి తేడా లేదు అని. దాని అర్థం ఏమిటో మోన్స్‌కి క్షణంలో తెలిసిపోయింది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు కదా.

"దొంగతనం!" అని బల్లగుద్దాడు. "బ్రీటా మొగుడు ఆడ్ ఉన్నాడే, వాడు మా ఇంటికి తిరనాళ్లకొచ్చినట్టు వచ్చి తాగిపోయేవాడు. గిన్నె అడుగున నురగ జేబులో పోసుకెళ్లుంటాడు!"

"జేబులో నురగేమిటయ్యా" అంది గున్వోర్. "చచ్చిపోయినోణ్ణి అనకూడదు."

"చస్తే దొంగ దొర అవుతాడా?"

ఆయన సంఘానికి ఆరుపేజీల ఫిర్యాదు రాశాడు. సంఘం ముగ్గురితో ఓ కమిటీ వేసింది. కమిటీ నాలుగుసార్లు కూర్చుని, నలభై దోసెల్లాంటి తియ్యటి వాఫుల్సు గోధుమరంగు జున్నుతో సహా తిని, తీర్మానం చేసింది. బ్రెక్కె వారి తోడే మూల తోడు. క్రిస్మస్ బీరు కాచే రోజున అధ్యక్షుడు స్వయంగా వచ్చి, మోన్స్ కేక విని, గేటుకి ఇత్తడి ఫలకం బిగిస్తాడు. లీయా గేటుకున్న "ఇంటి తోడు బీరు" అన్న బోర్డు ఊడబీకుతాడు. మూడోనాడు చుట్టుపక్కలవాళ్లంతా కొత్త బీరు రుచి చూడ్డానికి వచ్చినప్పుడు, బ్రీటా అందరి ముందూ తప్పు ఒప్పుకోవాలి. పక్షపాతం రాకూడదని బ్రీటాని మాత్రం ఒక్కముక్క అడగలేదు.

మర్నాటినుంచి అవతలి కిటికీలో దీపం వెలిగింది గానీ ఆరలేదు. గున్వోర్ నాలుగు రోజులు చూసి ఫోను చేసింది.

"అక్కా, నువ్వు చెప్పెయ్యి వాళ్లకి. నాకేం కోపం రాదు."

"నేనెందుకు చెబుతానే? డెబ్బై రెండేళ్లొచ్చి, మొగుడు పోయి, దొంగ బీరు కాచేదాన్ని అనిపించుకుంటున్నా. ఇప్పుడు నేను నోరు తెరిస్తే దొంగే దొంగా దొంగా అని అరిచినట్టుంటుంది." చివరికి "కేక నాది కాదు, నీది" అని ఫోను పెట్టేసింది.

గున్వోర్ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. చెబితే మోన్స్ తలెత్తుకోలేడు. అరపేజీ వేలుగల మనిషి, పిల్లాడిలా ముడుచుకుపోతాడు. చెప్పకపోతే బ్రీటా తలొంచుకోవాలి. తోడిచ్చిన పాపానికి!

బీరు కాచే రోజు వచ్చింది. తెల్లవారుజాము అయిదింటికే మోన్స్ కొట్టంలో రాగి గంగాళం కింద నిప్పు రాజేశాడు. గున్వోర్ జూనిపర్ కొమ్మలు వేసి నీళ్లు కాచింది. కొట్టమంతా ఆ ఘాటుకి గమగమలాడిపోయింది. యాభై కిలోల మాల్టు ఆ నీళ్లలో నానేసి, కలియబెట్టి, కొమ్మలు పరిచిన తొట్టిలోంచి సన్నటి ధారగా పానకం దింపి, మళ్లీ గంగాళంలో పోసి మరిగించారు. కలిపింది గున్వోర్, మోసింది గున్వోర్, మసి తుడిచింది గున్వోర్. మోన్స్ వేలికి గ్లిజరిన్ రాసుకుని కూర్చున్నాడు. ఫొటోలో బాగా పడాలి కదా.

మధ్యాహ్నం అధ్యక్షుడు ఐవిన్ దిగాడు. పొడుగాటి మనిషి, మెడలో ఊలు మఫ్లరు, చంకలో ఫైలు. కారు డిక్కీలో ఇత్తడి ఫలకం. బ్యాంకులో పనిచేసి రిటైరయి, పాత బీర్లని కాపాడ్డానికి పూనుకున్నాడు. ఆయనకి కడుపు మంట, బీరు పడదు. ఎండు గొర్రెమాంసం, పల్చటి రొట్టెలు పెడితే మాత్రం మొహమాటపడకుండా తిన్నాడు.

"మోన్స్ గారూ, మీ వంశంలో ఈ తోడు ఎన్నడూ పోలేదన్నమాట?"

"ఎన్నడూ! యుద్ధమొచ్చింది, పోలేదు. కరువొచ్చింది, పోలేదు. నేనుండగా ఎలా పోతుందండీ?"

గున్వోర్ చేతిలో గరిటె జారి కిందపడింది. "చెయ్యి జారింది" అంది, ఎవరూ అడక్కపోయినా.

పానకం తొట్టిలోకి దింపి చల్లార్చడం మొదలెట్టారు. ఐవిన్ నాలుగున్నర పడవ అందుకోవాలి. కారెక్కించుకుని అవతలి తీరానికి తీసుకుపోయే పడవ రోజుకి రెండేసార్లు. మూడూ పది కాగానే గడియారం చూసుకోవడం మొదలెట్టాడు.

"అయిపోయినట్టే, అయిపోయినట్టే" అని మోన్స్ లేచాడు.

"ఇంకా చల్లారలేదయ్యా" అంది గున్వోర్.

"ఆ సంగతి వేలు చెబుతుంది."

ఐవిన్ ఫొటో తీయడానికి ఫోను పైకెత్తాడు. మోన్స్ చొక్కాచెయ్యి మడిచి, కళ్లు మూసుకుని, గ్లిజరిన్ వేలు ముంచాడు. మీసం ఒక్కసారి జిల్లుమంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ ఫోను ఎదురుగా ఉంది, వెనక అయిదు తరాలున్నాయి. వేలు తియ్యకుండా పళ్ల బిగువున అన్నాడు: "సరిగ్గా... ఉంది!"

"కన్నీళ్లు పెట్టుకున్నారే" అన్నాడు ఐవిన్, కదిలిపోయి.

"తాత గుర్తొచ్చాడు" అన్నాడు మోన్స్.

గున్వోర్ తన చేతికేసి చూసుకుంది. నానబెట్టిన తోడు గిన్నె ఆమె చేతిలోనే ఉంది, అప్పుడే లేచి చిన్నగా బుడగలు కడుతోంది. ఇప్పుడు మాట్లాడకుండా పోసేస్తే చాలు. పొద్దుటికి తొట్టి చచ్చిపడుంటుంది, పోయేది మోన్స్ పరువే, ఆమెమీద మచ్చ కూడా పడదు. ఒక్క క్షణం ఆ ఆలోచన తియ్యగానే ఉంది. కానీ ఆ బుడగలు చూస్తే ఆమెకి చెయ్యి రాలేదు. ఒకసారి చంపిన చెయ్యి. ఈ తోడు చేసిన పాపమేముంది?

గిన్నె పక్కన పెట్టి, జేబులోంచి థర్మామీటరు తీసి, ఇద్దరూ చూస్తుండగానే తొట్టిలో ముంచింది. ఆ కొట్టంలో థర్మామీటరు పగటి వెలుగు చూడ్డం అదే మొదలు.

"అరవై ఒకటి" అంది. "ఇందులో తోడు పోస్తే తోడు పులుసవుతుంది."

"అదెక్కడిదే?" అన్నాడు మోన్స్. తేలు కుట్టిన దొంగలా చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

"నా జేబులోది. నలభై అయిదేళ్లనించి. ఇది మూడోది, ముందు రెండూ పగిలాయి."

ఐవిన్ ఫోను దించేశాడు. ఫైలు తీసి, ఏదో రాయబోయి, ఏ పేజీలో రాయాలో తెలియక మూసేశాడు. గున్వోర్ పనిలో పడింది. మంచు బకెట్లు తెచ్చి తొట్టి చుట్టూ కూరింది, కలియబెట్టింది, ముంచింది, చూసింది. పడవ వెళ్లే టైము అయింది, పడవ వెళ్లిపోయింది. ఎవరూ కదల్లేదు. బయట చీకటి పడుతోంది. ముప్ఫై ఎనిమిది.

మోన్స్ లేచి గొంతు సవరించుకున్నాడు, కేక వెయ్యడానికి.

"కూర్చో అయ్యా" అంది గున్వోర్. "పోసేదాన్ని నేను. కేకా నాదే."

కొట్టం తలుపులు బార్లా తెరిచింది. ఎదురుగా ఈ ఏడు ఇంకా గడ్డకట్టని సరస్సు, గాలి లేదు, నీళ్లు పలకలా ఉన్నాయి. అవతలి ఒడ్డున లీయా కిటికీలో ఒక్కటే దీపం. ఆమె తోడు గిన్నె తొట్టిలో వంచి, గుండెల్నిండా ఊపిరి పీల్చుకుని, ఆ ఇంట్లో కోడలిగా అడుగుపెట్టాక ఎన్నడూ ఎత్తని గొంతు ఎత్తింది.

"లీయా...! లీయా...! లీ...యా!"

కొండ మూడుసార్లూ తిరిగి చెప్పింది. గొర్రెలు లేచి నిలబడ్డాయి.

"అది మన కమతం పేరు కాదే, పిచ్చి మొహమా!" అన్నాడు మోన్స్.

"కాదు. తోడూ మనది కాదు. నువ్వు మొదటిసారి బీరు కాచిన రోజున మీ తాత తోడు ఉడికి చచ్చింది. కొయ్యబారిన వేలుతో చూసి నువ్వు పొయ్యమన్నావు, పొగలు చూస్తూ కూడా నేను పోశాను. సగం పాపం నీది, సగం నాది. తెల్లారి బ్రీటా దగ్గర అరువు తెచ్చాను. నీ పతకం ఆ తోడుదే. మనం దొంగన్న మనిషి ఇచ్చిన తోడే."

మోన్స్ మొహం చూస్తే గున్వోర్‌కి ఒకటే అనిపించింది. కోపమొస్తే బావుండును, అరిస్తే బావుండును. ఆయన వెళ్లి నిదానంగా కట్టెలమీద కూర్చుని, వేలు మంచు బకెట్లో పెట్టాడు.

అవతలి ఒడ్డున తలుపు తెరుచుకున్న చప్పుడు. తర్వాత నీళ్లమీదుగా ముసలి గొంతు, గీరగా, స్పష్టంగా వినబడింది.

"జలుబు తగ్గిందటే ముండా?"

గున్వోర్ ఏడుస్తూ నవ్వింది. "తగ్గిందక్కా...!"

"అయితే పొంగనీ...!"

కిటికీలో దీపం ఆరింది, వెలిగింది. మళ్లీ ఆరింది, వెలిగింది.

ఐవిన్ ఆ రాత్రి అక్కడే ఉండిపోయాడు. ఫలకం కారులోంచి దిగలేదు, లీయా బోర్డూ ఊడలేదు. ఈ వ్యవహారమంతా పరిశీలించడానికి ఇంకో కమిటీ వెయ్యాల్సి ఉంటుందని, ఈసారి అయిదుగురితో వేస్తే మంచిదని, పొద్దున్న గంజి తాగుతూ అన్నాడు.

వంటింట్లో ఫొటో మాయమై, గోడకి మేకు మిగిలింది. గున్వోర్ మేకు జోలికి పోలేదు. మూడోనాడు సాయంత్రానికి పదకొండు కమతాలవాళ్లూ కొట్టం నిండా వచ్చారు. కేక అందరూ విన్నారు. సంగతేమిటో అందరికీ తెలుసు. తెలియనట్టు వాతావరణం గురించి మాట్లాడుకుంటున్నారు. బ్రీటా చివర్న వచ్చింది, చర్చికి వేసుకునే కోటు వేసుకుని.

మోన్స్ లేచాడు. పీపా బిరడా తిప్పి, చెక్కగిన్నె నిండా మొదటి బీరు పట్టి, ఎవరికీ ఇవ్వకుండా తిన్నగా ఆమె దగ్గరికి నడిచాడు. రెండు చేతులతో పట్టుకున్నాడు. కుడి చూపుడువేలికి కట్టు ఉంది.

బ్రీటా గిన్నె అందుకుని, సగం తాగి, పెదాలు తుడుచుకుని, మిగతా సగం ఆయనకే తిరిగిచ్చింది. ఆయన గటగటా తాగేశాడు.

"వేలెలా ఉంది మోన్స్?" అని అడిగింది.

మోన్స్ ఖాళీ గిన్నెలోకి చూశాడు. తర్వాత గున్వోర్‌కేసి చూశాడు.

"మండుతోంది బ్రీటా" అన్నాడు. "మొదటిసారి కాచిన ఆ రోజు కూడా నాకేం తెలియలేదు. వేడో చల్లో. తెలిసినట్టు అన్నానంతే."

ఆ బీరు తాగి ఆయన నిజం చెప్పడం అదే మొదటిసారి. గున్వోర్ పీపా దగ్గరికి వెళ్లి ఆయన గిన్నె మళ్లీ నింపింది.